తమ్ముడి టెస్టు

“తమ్ముడి టెస్టు అయిందా?”

అద్దాల గదిలోంచి కొత్త ఎడిటరు కేకేసింది ఇదేనని గీకుడు మాస్టారి చెవికి తోచింది. చేతిలోని ఫోను బల్లమీద పడేశాడు. అంత ఖరీదైన వస్తువు చెయ్యాల్సిన చప్పుడు కాదది.

“మీకు తమాషాగా ఉందా సార్? తమ్ముడు లేడు. పోయాడు. ఎక్కణ్నించి తెమ్మంటారు వాణ్ని?” అన్నాడు, ఆఫీసంతా తలలెత్తేలా.

ఎడిటరు నోరు తెరిచాడు. అందులోంచి మాట బయటపడేలోగా మాస్టారు మెట్లు దిగిపోయాడు.

ఫోన్లు పరీక్షించి మంచిచెడ్డలు చెప్పే వెబ్‌సైటు ఆఫీసది. వచ్చిన ప్రతి ఫోనునీ తాళంచెవితో గీకి చూస్తాడు గనక ఆయన గీకుడు మాస్టారు. ఇలాంటి యంత్రాల పిచ్చివాణ్ని ఇంగ్లీషువాళ్ళు గీక్ అని ఊరుకుంటారు, మనవాళ్ళు చివర ఇంకో ‘డు’ కొట్టారు. పొద్దుటినుంచి ఈ కొత్త ఫోనుతోనే కుస్తీ. డిజైను బాగుంది. అంచులు అరచేతిని కోయవు, గీకితే గీత పడదు, వెల చూస్తేనే ముఖం వెలవెలబోతుంది. కిటికీ దగ్గర ఎండలో పెట్టినా తెరమీద అక్షరం చెదరలేదు. బరువైన ఆట ఆడించి దాని వీపు చెంపకి ఆనించుకున్నాడు. చల్లగానే ఉంది. ‘ఎంత వాడినా వాడిపోదు’ అని రాసుకున్నాడు. వాడేవాడే వాడిపోయాడని రాయనక్కర్లేదు. జారిపోతున్న చొక్కా భుజాలు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి.

మాస్టారూ, తమ్ముడూ కవలలు. ముందు పుట్టినందుకు ఇతను అన్నయ్యాడు, అంతే తేడా. ఏ ఫోను వచ్చినా దాని తాళానికి అన్న ముఖం నేర్పి తమ్ముడికి చూపించేవారు. తెరుచుకుంటే ఫోను ఫెయిలు. “ఇదిగో, దొంగకి తలుపు తీసింది!” అనేవాడు తమ్ముడు కెమెరా వైపు తిరిగి. తక్కినదంతా వదిలేసి దానికోసమే వచ్చే పాఠకులుండేవారు. దాని పేరే తమ్ముడి టెస్టు.

అలా ఫెయిలైన ఓ ఫోనునే తమ్ముడు ఏరికోరి కొనుక్కున్నాడు. “నువ్వు కూడా తెరవగలిగేదే నాక్కావాలి అన్నయ్యా” అన్నాడు. ముఖం మెల్లగా మారినా నేర్చుకుంటుందని ఆ ఫోనుని మాస్టారే మెచ్చుకుని రాశాడు. తర్వాత జబ్బొచ్చింది. తమ్ముడి బుగ్గలు లోపలికి పోయాయి. ఫోను అదీ నేర్చుకుంది. నేర్చుకుని, అన్నని మరిచిపోయింది.

మాస్టారు నేరుగా తమ్ముడింటికే వెళ్ళాడు. మరదలు తలుపు తీసింది.

“ఈ వేళప్పుడేంటి బావగారూ? తిన్నారా?”

“తిన్నా.”

“ఎప్పుడు?”

మాస్టారు చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

అల్మరాలో తమ్ముడి ఫోను ఛార్జింగు తీగకి అంటుకునే ఉంది. ఒక్కసారి ఆగిందా, ఇక ముఖంతో పనవదు, నంబరు అడుగుతుంది. ఆ నంబరు తమ్ముడితోనే పోయింది. ఆస్పత్రిలో కూతురికోసం ఏదో రికార్డు చేసి, “ఇంటికొచ్చాక వినిపిస్తా” అన్నాడు. ఇంటికి రాలేదు.

“పెదనాన్నా, ఇవాళ నీ మొహం చూపించవా?” పాప ఫోను పట్టుకొచ్చింది.

వచ్చినప్పుడల్లా చూపిస్తాడు. వచ్చినప్పుడల్లా అది కాదంటుంది. ఇవాళా మొక్కుబడిగా ముఖం ముందు పెట్టుకున్నాడు.

తెరుచుకుంది.

పాప గెంతింది. మరదలు మాత్రం ఫోను వైపు చూడలేదు. బావగారి బుగ్గల వైపే చూస్తూ గుమ్మం పట్టుకుంది. “అయ్యో, ఆఖర్లో ఆయన కూడా...” అని ఆగిపోయింది.

పాప ఆ రికార్డు వెతికి నొక్కింది. తమ్ముడి గొంతు వచ్చింది.

“అమ్మలూ, మీ పెదనాన్నలాగే నన్ను నేను సమీక్ష చేసుకుంటున్నా, విను. డిజైను: అన్నయ్యని చూసి కాపీ కొట్టారు. డిస్‌ప్లే: కాస్త పాలిపోయింది. పనితీరు: మంచం దిగితే హ్యాంగవుతోంది. బ్యాటరీ...” దగ్గొచ్చింది. “బ్యాటరీ సంగతి పెదనాన్ననడుగు. ఆయన దేన్నైనా తెగ పొగుడుతాడు.”

పాప నవ్వింది. మళ్ళీ పెట్టమంది. మాస్టారు పెట్టలేకపోయాడు. ఫోను పాప చేతికే ఇచ్చేశాడు.

మరదలు కంచం తెచ్చి ముందు పెట్టింది. “తినండి. మీరిలా అయితేగానీ తెరుచుకోని ఫోను నాకొద్దు.”

గొంతూ, ఫొటోలూ ఆమె ఫోనులోకి పంపాక మాస్టారు తిన్నాడు. కన్నీళ్ళకి అడ్డుగా ముద్ద మీద ముద్ద మింగాడు. ఆయన చెయ్యి కడుక్కునే చప్పుడు విని, మరదలు అల్మరాలోని తీగ ఊడబీకింది.

మర్నాడు ఎడిటరే మాస్టారి బల్ల దగ్గరికి వచ్చాడు.

“నాకు తెలీదండీ. నిన్న మీరెళ్ళాకే అందరూ చెప్పారు. నేనడిగింది తంబ్ టెస్టు. తంబ్. తెరకింద వేలిముద్ర పెట్టారు కదా, అదెలా ఉందని...” సాక్ష్యంగా తన బొటనవేలు చూపించి, ఏదో తప్పుచేసినట్టు వెంటనే దించేసుకున్నాడు.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. ఆఫీసంతా వినిపించేలా, “విన్నారా? సారడిగింది బొటనవేలంట! తమ్ముణ్ని కాదంట! నా చెవులకి సున్నా మార్కులు వేసుకోండి” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. తమ్ముడి టెస్టులన్నీ వీడియో తీసిన కెమెరా అమ్మాయి తల పక్కకి తిప్పుకుంది.

“కవలలకైనా వేలిముద్రలు కలవవు సార్,” మాస్టారి గొంతు దిగింది. “దీనికి వాడు రానక్కర్లేదు.”

కొత్త ఫోను అందుకుని, తెరమీద బొటనవేలు ఆనించాడు.