గూటి మీద ఎండ

నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్న పిగిలిపిట్టల జంట పెరటి పొదలో గూడు పెట్టినప్పటి నుంచి పెద్దకోడలు అటువైపు బట్టలు ఆరేయడమే మానేసింది. గూట్లో పిల్లలు మూడు. పుట్టి నాలుగు రోజులు. ఒంటి మీద ఈకైనా లేదు.

ఆ ఉదయం తలుపు తీసేసరికి పొదకు ఇటువైపు కొమ్మల్లేవు. కింద ఆకుల కుప్ప. ఎదురుగా కెమెరాతో మరిది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే మనిషి. ఏదో పోటీకి పిట్ట బొమ్మ కావాలని వారం నుంచి ఒకటే గొడవ.

"ఏం చేశావయ్యా?"

"ఆకులు అడ్డమొస్తున్నాయి వదినా. పెళ్లికూతురి మొహం మీద జుట్టు పడితే సర్దమా? అలాగే."

ఆమె గూట్లోకి తొంగి చూసింది. రెండే ఉన్నాయి.

"మూడోది ఏది?"

"కాకి వదినా... రెప్పపాటులో ఎత్తుకుపోయింది. తరిమాను."

"ఫొటో తీశాక తరిమావా, ముందా?"

మరిది కెమెరా తెరను అరచేత్తో మూశాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

వంటింటి కిటికీలోంచి అత్తగారు, "పిట్టపిల్ల కోసం ఇంత రాద్ధాంతమా? వాడు తెలిసి చేశాడా?" అంది.

"తెలియకపోతే అడగాలి అత్తయ్యా! పెళ్లిపందిట్లో అందరినీ కేకేసి నిలబెడతాడుగా, ఇంట్లో నోరు పడిపోయిందా?"

నరికిన కొమ్మల్నే మరిదితో ఏరించి, పురికొసతో పొదకు కట్టించింది. ముళ్లు గీరుకుని అతను అబ్బా అంటే, "అను, ఇంకా అను" అంది. ఇద్దరూ గుమ్మంలోకి తప్పుకున్నారు.

తల్లిపిట్ట నోట పురుగుతో గోడ మీద వాలింది. అరిచింది, ఎగిరింది, మళ్లీ వాలింది. పొద దగ్గరికి మాత్రం రాదు. ఎండ ముదురుతోంది. గూటిని ఇక వదిలేసిందేమో అనుకుంది ఆమె. చివరికి పిట్ట చటుక్కున ఆకుల్లోకి దూరింది.

"వచ్చేసింది వదినా! ఇంక కోపం తగ్గించుకో. ఆ కాకి ఫొటో కూడా చెరిపేస్తాలే."

"చెరపకు. పోటీకి పంపు. కొమ్మలు నరికింది నేనేనని నీ పేరుతో కింద రాయి."

"అలా రాస్తే పక్కన పడేస్తారు."

"పడేయనీ."

ఇంతలో కాకి మళ్లీ గోడెక్కింది. దానికి చోటు తెలిసిపోయింది మరి. మరిది చెయ్యి అలవాటుగా కెమెరా మీదికి పోయింది.

పెద్దకోడలు కెమెరా లాక్కుని, అతని వీపు మీద చెయ్యి వేసి గుమ్మం బయటికి నెట్టింది. "పో, తరుము. ఈసారి ఉత్త చేతులతో."