మూడో వంతు

నివేద జవాబు పత్రం జెరాక్సును ఆరోగ్యమేరి మిస్ కిటికీ వెలుగులో పెట్టుకుని చదివింది. ప్లస్ టూ ఇంగ్లీషులో ముప్పై రెండు. పాస్ కావాలంటే ముప్పై ఐదు. ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయో వెతుకుదామని ఇద్దరూ కూర్చున్నారు గానీ, పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. సమ్మరీ ప్రశ్నకు ఐదుకు సున్నా.

“ఏంది నివేదా ఇది? పాసేజ్‌లో పైన ఉండేదంతా అట్లనే ఎత్తి రాసినావే.”

“మూడో వంతు రాయమన్నారు కదా మిస్.”

“మూడో వంతంటే పైనుంచి మూడో వంతా?” మిస్ వేలు పెట్టి లెక్కపెట్టింది. పాసేజ్ నూటయాభై మాటలు. నివేద రాసినవి సరిగ్గా యాభై. యాభయ్యో మాట దగ్గర వాక్యం సగంలో ఆగిపోయింది. చివర చుక్క కూడా లేదు. “కత్తెరతో కోసినట్ల ఉండాది. ముఖ్యమైంది ఎత్తుకో, మిగతాది వదిలెయ్ అని క్లాసులో చెప్పలేదా నేను?”

“చెప్పినారు మిస్.”

“తెలుసు కదా మల్లా?”

“తెలుసు.”

“తెలిసీ ఎందుకట్ల రాసినావు?”

నివేద ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. అక్షరాలు తనవే. గుండ్రంగా, తొందర లేకుండా ఉన్నాయి. భయపడి రాసిన రాత కాదు. ఇంత నెమ్మదిగా, ఇంత శ్రద్ధగా తప్పు చేసిన ఆ మనిషి ఎవరా అనిపించింది. సిగ్గు వేయాల్సింది. అంతకంటే ముందు తెలుసుకోవాలనిపించింది.

తిరుత్తణిలో వాళ్ళ వీధి నేతవాళ్ళది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మిస్ ఇంట్లో కూడా అంతే కాబట్టి క్లాసు బయట ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళు. ఆ సాయంత్రం నివేద ఇంటికి వచ్చేసరికి తండ్రి ఎల్లప్ప మగ్గం గుంటలోనే ఉన్నాడు. చెయ్యి ఆపకుండా విన్నాడు.

“జూన్‌లో ఇంకొక తూరి రాయి,” అన్నాడు. “పాసయితే నర్సింగ్ చదువుదువు గానీ. పోయిందంటే మాత్రం ఆగస్టు ఒకటో తేదీ కంపెనీ బస్సెక్కల్ల. ఎదురింటి ఆయమ్మ సూపర్‌వైజర్‌తో మాట్లాడి పెట్టింది.”

“ఇంకో సంవత్సరం రాస్తే?”

“ఇంకో సంవత్సరం రాస్తానే ఉంటే నీకు చదువు, నాకు అప్పు. చాలు మ్మా.”

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట మారదని ఆమెకు తెలిసింది.

పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని రోజుకొక పాసేజ్ పెట్టుకుంది. పెన్సిల్‌తో అక్కరలేని వాక్యాలు కొట్టెయ్యాలి. మొదటిది ఒక కుమ్మరి గురించి. అతని కుండలు, అతని సంపాదన, ప్లాస్టిక్ బిందెలు వచ్చాక అతనికి పడిన దెబ్బ. మధ్యలో ఒకచోట అతని ఎడమ బొటనవేలికి గోరు లేదని ఉంది. దాన్ని కొట్టెయ్యబోతే పెన్సిల్ ఆగింది. ఆమె చేతిని వదిలేసి కడుపును గమనించింది. బొడ్డుకు పైన ఏదో సన్నగా బిగిసింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే బిగింపు, అదే చోట. ఆ వాక్యాన్ని ఉంచేసి దాని పక్కదాన్ని కొట్టెయ్యబోయింది. అక్కడా బిగిసింది. అంటే గోరు మీద ప్రేమేమీ కాదు. ఏది వదలాలన్నా అంతే.

నోటుబుక్కు వెనక పేజీలో రాసుకుంది: ఏ మాట దగ్గర బిగిసింది, ఎంతసేపు, ఎక్కడ. వారం రోజుల్లో ఆ పేజీ నిండింది. మార్కులేమీ పెరగలేదు. మిస్ ఇచ్చిన పరీక్షల్లో ఒకటి, ఒకటిన్నర వచ్చేవి.

జూన్ రెండోవారంలో మగ్గానికి కొత్త పడుగు, నిలువు పోగుల చుట్ట, వచ్చింది. పాత పడుగు కొసలను అవి దూరి ఉన్న మగ్గం అచ్చులోనే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతకాలి. మూడువేలకు పైన పోగులు. అవ్వ కన్నియమ్మకు కళ్ళు మసకేసినప్పటి నుంచి ఆ పని నివేదదే. బూడిదలో వేలు అద్దుకుని, పాత కొసనూ కొత్త కొసనూ కలిపి పేనింది. ఒకటి, దాని తర్వాత ఇంకొకటి. అవ్వ గోడకానుకుని ఆకు నములుతూ, అలవాటుగా అంది:

“పోగు వదలగాకు కణ్ణు. ఒక్కటి వదిల్నా చీర పొడుగునా గీత పడతాది.”

తొమ్మిదో ఏట నుంచి వింటున్న మాట. వినీ వినీ వినపడకుండా పోయిన మాట. కానీ ఈసారి కడుపు బిగిసింది. బొడ్డుకు పైన, సన్నగా.

నివేద చెయ్యి ఆపింది.

“అవ్వా, నేను చిన్నప్పుడు ఎప్పుడైనా వదిలినానా?”

“వదల్లా? మొదటి తూరి పదకొండు వదిలినావు. మీ నాయన మగ్గం దిగొచ్చి నీ పక్కన కూకొని, ఒక మాటనకుండా పదకొండూ నీ చేతనే మల్లా అతికించినాడు. నువ్వు ఏడ్చిందే ఏడ్చింది. కొట్టింటే బాగుణ్ణు అన్నావు.”

ఆమెకు అది ఏమాత్రం గుర్తులేదు. కడుపుకు గుర్తున్నట్టుంది.

ఇంకో సంగతి కూడా అర్థమైంది. నేసిన చీరను ఎక్కడ అడ్డంగా కోసినా, కోసిన ముక్కలో మూడువేల పోగులూ ఉంటాయి. ఒక్కటీ తప్పిపోదు. మూడో వంతు ఇమ్మంటే ఆమె చెయ్యి పైనుంచి కోసి ఇచ్చింది. చేతికి తెలిసిన న్యాయం అదే.

ఇంత కనుక్కున్న తర్వాత ఆ సాయంత్రమే ఒక పాసేజ్ తీసుకుని కూర్చుంది. ముడి ఎక్కడుందో తెలిసింది కదా, ఊడిపోవాలి. ఊడలేదు. పెన్సిల్ ఎత్తగానే కడుపు మామూలుగానే బిగిసింది. కారణం తెలిసినంత మాత్రాన అది తనను వదలదని తెలిసి ఆమె ఆశ్చర్యపోయింది. కొంచెం నవ్వు కూడా వచ్చింది.

పరీక్షకు రెండు రోజుల ముందు, నేత సొసైటీకి ఇవ్వాల్సిన చీరలను అవ్వ మడత పెడుతూ ఉంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. ఆ రోజు నివేద పక్కన కూర్చుని చూసింది. అవ్వ చీరను ఊరికే సగం, సగంలో సగం అని మడవదు. కొంగును ఒకచోట పైకి తెస్తుంది, అంచును ఇంకోచోట బయటికి తిప్పుతుంది, చీర ఒంటి రంగును మధ్యలో అరచేతి మేర వదులుతుంది. అయిదున్నర మీటర్లు ఒళ్ళో పట్టేంత అయ్యాయి.

“ఎందుకవ్వా ఇంత తిప్పలు?”

“కొనేవాడు యాడ విప్పతాడే అన్నీ? పైన చూస్తానే చీర ఎట్లాంటిదో తెలియల్ల. తెలిస్తే వాడే విప్పుమంటాడు.”

“లోపల ఉండేది?”

“లోపల ఉంటాది. యాడికి పోతాది?”

తిరువళ్ళూరులో పరీక్ష కేంద్రం. పొద్దున్నే ఎలక్ట్రిక్ ట్రైనులో తండ్రి తోడు వచ్చాడు. మగ్గం ఆపి వచ్చానని దారిలో రెండుసార్లు చెప్పాడు. బడి గేటు దగ్గర నీళ్ళ సీసా చేతికిచ్చి, “పో మ్మా,” అని మాత్రం అన్నాడు.

సమ్మరీ పాసేజ్ ఒక సముద్ర పక్షి గురించి. దాని రెక్కలు తడిస్తే ఎగరలేదు. అందుకే నీళ్ళ మీద వాలదు. నెలల తరబడి గాలిలోనే ఉంటుంది. శాస్త్రవేత్తలు దాని తలకు చిన్న యంత్రం అమర్చి చూశారు. ఎగురుతూనే నిద్రపోతుంది, రోజుకు ముప్పావుగంట కూడా కాదు. చాలాసార్లు మెదడులో సగమే నిద్రపోతుంది, రెండో సగం మేలుకుని ఉంటుంది. అప్పుడు ఒక కన్ను తెరిచే ఉంటుంది, తాను ఏ వైపు తిరుగుతోందో ఆ వైపు కన్ను.

నివేద ఆ చివరి వాక్యాన్ని మూడుసార్లు చదివింది. ఇంత మంచి సంగతి తనకు ఎవరూ చెప్పలేదు. పరీక్ష అన్నది ఒక్క నిమిషం మరిచిపోయింది.

రఫ్ కాపీ రాసింది. యాభై తొమ్మిది మాటలు వచ్చాయి. తొమ్మిది పోవాలి. పైనుంచి చూసుకుంటూ వచ్చింది. తీస్తే మిగతాది కూలిపోనిది ఒక్కటే ఉంది, ఆ కన్ను. కడుపు బిగిసింది. ఈసారి ఆమె అది పోవాలని చూడలేదు. బిగుసుకుని ఉండనిచ్చింది, పక్కన కూర్చున్న మనిషిని కూర్చోనిచ్చినట్టు. దాన్ని అట్లాగే ఉంచుకుని, ఆ వాక్యం మీద పెన్సిల్‌తో గీత గీసింది. పెన్సిల్ ఆగలేదు.

ఫెయిర్ కాపీ రాసి, పైన శీర్షిక పెట్టింది. నియమం ప్రకారం రఫ్ కాపీ మొత్తం మీద మూల నుంచి మూలకు ఒక అడ్డగీత కొట్టాలి. కొట్టింది. గీత కింద అక్షరాలన్నీ చదవడానికి వచ్చేట్టే ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో చోటు దొరికింది. రైలు కడంబత్తూరు దాటింది. ఎల్లప్ప కిటికీలోంచి చూస్తూ, ఏమీ అడగనట్టు అడిగాడు.

“ఆ ఐదు మార్కులదానికి ఏం కతొచ్చింది?”

నివేద రాసింది రాసినట్టు చెప్పింది. “ఒక సముద్రం పిట్ట నాయనా. నీళ్ళ మీద వాలదు. నెలలు ఎగురుతానే ఉంటాది. అట్ల ఎగరతానే కొంచెం కొంచెం నిద్రపోతాది, తలకాయలో సగం నిద్ర, సగం మెలకువ.” ఆపేసింది.

ఎల్లప్ప తల తిప్పాడు. “అదెట్ల? మల్లా కండ్లు? మూసుకుంటే దారి అగపడదు కదా?”

నివేద ఆయన వైపు తిరిగింది. గీత కింద ఉన్న వాక్యాన్ని ఆయన తనంతట తానే వచ్చి అడిగాడు. ఇరవై నాలుగు రోజుల తర్వాత ఫోనులో నలభై నాలుగు మార్కులని చూసినప్పుడు కూడా, తాను సరిగ్గా రాసిందని ఆమెకు ఇంత నమ్మకం కలగలేదు.

“ఒక కన్ను మూయదు నాయనా,” అంది. “ఏ పక్క తిరుగుతాదో ఆ పక్క కన్ను.”

“అబద్ధం కాదు లే,” అన్నాడు. “మధ్యాన్నం మగ్గంలో నేనూ అట్లనే. ఇంకేముండాది దాంట్లో? చెప్పు.”

దారిలోని అరక్కోణం రావడానికే ఇంకా చాలాసేపు ఉంది. నివేద మొదటి నుంచి, ఒక్కటీ వదలకుండా మొదలుపెట్టింది.