పరగోడు అంకెలు

1963లో మునికృష్ణప్పకు పరగోడు అనే ఊరి వాన లెక్కల మీద అనుమానం పుట్టింది.

ఆయనది చింతామణి. బెంగళూరులో వాతావరణ పరిశోధన చేస్తున్నాడు. ముప్ఫై రెండేళ్ళవి రెండు పట్టికలు ముందు పెట్టుకున్నాడు. ఒకదానిలో పడమటి సముద్రపు రేవులు మూడింటి గాలి పీడనం, రెండోదానిలో తమ వైపు ఆరు ఊళ్ళ వాన. ఒక్కో రేవుకూ ఒక్కో ఊరికీ ఎంత ప్రాధాన్యం ఇచ్చి కూడితే ఆ రెండు మొత్తాలూ ఏటేటా బాగా కలిసి కదులుతాయో కనుక్కోవాలి. చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద నాలుగు నెలలు పట్టింది.

ఐదు ఊళ్ళు ఒక దారిన నడిచాయి. పరగోడు మాత్రం 1953 నుంచి దారి తప్పింది.

"తీసెయ్. ఎవడో ఇంట్లో కూర్చుని అంకెలు అల్లినాడు" అన్నాడు పై అధికారి రామకృష్ణప్ప.

తీసేస్తే రెండు మొత్తాలూ మరింత బాగా కలిశాయి. అదీ మునికృష్ణప్పకు నచ్చలేదు. కుదరనివాటిని ఏరి పారేస్తూ పోతే దేన్నైనా దేనితోనైనా కలపొచ్చు. బాగేపల్లి బస్సెక్కి, అక్కడి నుంచి నడిచి పరగోడు చేరాడు.

వాన కొలిచే డబ్బా ఆ ఊరి రైతు చెన్నరాయప్ప చేనులో ఉంది. ఆయన ఇంటి అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తున్నాడు.

"వాన ఎంత పడితే మీకేమప్పా? భూమి కందాయం పెంచుతాండారా?"

"లేదప్పా. సముద్రం మీద గాలికీ ఈడ వానకూ సంబంధం చూస్తాండాను."

"సముద్రం యాడ, మా చేను యాడ?"

కొలతల పుస్తకం అడిగితే యాడుందో తెలీదన్నాడు. రోజూ కొలిచేది నువ్వేనా అంటే తల వంచుకుని ఇంకో కాయ ఒలిచాడు. అంకెలు అల్లినవే అని మునికృష్ణప్పకు నమ్మకం కుదిరింది.

అప్పుడు లోపలి నుంచి ఆయన భార్య చౌడమ్మ పుస్తకం పట్టుకుని వచ్చింది.

"కొలిచేది నేనప్పా. మా మామ పోయినప్పటి నుంచీ. కాగితాల్లో ఈయన పేరుండాది. ఆడది కొలుస్తాండాదని తెలిస్తే డబ్బా ఎత్తుకుపోతారని ఈయనకు భయం."

మునికృష్ణప్ప తన పట్టిక పక్కన పెట్టుకుని పుస్తకం తిప్పాడు. 1952 దాకా ఒక్క అంకె తేడా లేదు. 1953 పుట మాత్రం ఖాళీ.

"ఈ ఏడు ఏమైందమ్మా?"

"ఎద్దు తొక్కి డబ్బా పగిలింది. కొత్తది పంపేకి ఏడాది చేసినారు."

మునికృష్ణప్ప పట్టికలో మాత్రం 1953కు ఇరవై రెండు అంగుళాలుంది. అది పుస్తకంలో 1954ది. 1955ది 1954లో ఉంది. ఖాళీ ఏడాదికి చోటు వదలకుండా ఎత్తి రాయడంతో తొమ్మిదేళ్ళ వానలు ఒక్కో మెట్టు పైకి జరిగాయి. చివరన 1962 ఖాళీగా మిగిలితే, ఆ లెక్క ఇంకా రాలేదనుకున్నాడు. బాగేపల్లి తాలూకా కచేరీలో కూర్చుని ఆ పట్టిక ఎత్తి రాసుకున్నది ఆయనే. ఇన్ని నెలల్లో తన చేతిని అనుమానించాలని ఒక్కసారీ తోచలేదు.

"తప్పు నాదేనమ్మా. మీ లెక్క సరిగ్గా ఉండాది."

చెన్నరాయప్ప చేతిలో కాయ పక్కన పెట్టాడు. "నీ తప్పైతే నువ్వే వచ్చి ఎందుకు చెప్తావు? ఇందులో ఇంకేదో ఉండాది."

పుస్తకం ఊరు దాటనివ్వనన్నాడు. మునికృష్ణప్ప అరుగు మీదే కూర్చుని రాసుకున్నాడు. చౌడమ్మ చదివింది. ఒక్కో ఏడాది అయ్యాక ఆయన చేత తిరిగి చదివించుకుంది. రెండు చోట్ల దిద్దించింది.

సరైన అంకెలతో పరగోడు మిగతా ఊళ్ళతో కలిసి నడిచింది. పరగోడును పారేసినప్పుడు కుదిరినంత గట్టిగా మాత్రం కుదరలేదు. రామకృష్ణప్ప పెదవి విరిచినా మునికృష్ణప్ప ఆరు ఊళ్ళనూ ఉంచాడు.

వ్యాసంలో కొలిచినవారిగా చౌడమ్మ పేరు వేయవచ్చా అని ఉత్తరం రాశాడు. పది రోజులకు చెన్నరాయప్ప కార్డు వచ్చింది. ఎవరి పేరూ వేయొద్దని, ఆ వ్యాసం ఏ కచేరీకి పోతుందో ముందు తెలపమని అందులో ఉంది.