ఇరవయ్యో పాట

"నా పుస్తకం తీసింది నువ్వే యాకన్నా! మర్యాదగ ఇయ్యి!"

కమ్లీ అరుపుకు దీక్ష టెంటు మొత్తం అటు తిరిగింది. మంట దగ్గర డప్పు కాపుకుంటున్న యాకయ్య లేవనైనా లేవలేదు.

"నేనెందుకు తీస్త టీచరమ్మా? నాకు సదువొస్తదా?"

"నిన్న దరువు తప్పినవని అందరి ముందట అన్న గద. గా కోపం."

"తప్పింది నా దరువు కాదు, నీ పాట."

నలుగురు నవ్వారు. కమ్లీకి నవ్వు రాలేదు.

జనగామలో సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. బడి మూతపడిన నాటి నుంచి ఆమెది ఒకటే అలవాటు. పొద్దున్నే స్టేషన్ దగ్గర బయలుదేరి, కూరగాయల మార్కెట్టు, సిద్దిపేట రోడ్డు చుట్టి టెంటుకు నడిచి వచ్చేది. దారిలో విన్న మాటకూ చప్పుడుకూ వరస కట్టేది. సాయంత్రం నాలుగింటికి టెంటు ముందు చౌరస్తాలో కొత్త పాట. పాడిన పందొమ్మిది, ఇవాళ పాడాల్సిన ఇరవయ్యోది, అన్నీ ఆ నీలి అట్ట నోటుబుక్కులోనే ఉన్నాయి. వేరే ప్రతి లేదు.

పాటకు ఇంకో పది నిమిషాలే. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రెండు ట్రాక్టర్ల జనం దిగారు. పాట అయిపోగానే తగలబెట్టడానికి రోజూలాగే దిష్టిబొమ్మను నిలబెట్టారు. దాని పక్కనే అగ్గిపెట్టెతో నర్సు విమల.

"కమ్లీ, జనం లేస్తున్నరు. ఏదో ఒకటి పాడు."

"ఏం పాడాలె అక్కా? ఒక్క ముక్క యాదికొస్తలేదు."

యాకయ్య డప్పు భుజానికి తగిలించుకున్నాడు. "పొద్దుగాల ఏడికెళ్లి నడక మొదలువెట్టినవ్?"

"స్టేషన్ కాడికెళ్లి."

"గాడికెళ్లే పాడు. నీ ఎంబడి నేనొస్త."

మనిషి నడకలాంటి దరువు మొదలైంది. దొంగ అని తిట్టించుకున్నవాడి దరువు. కమ్లీ కళ్లు మూసుకుంది.

"స్టేషన్ల రైలు ఆగింది, చాయ్ మాత్రం ఆగలే..."

"ఆగలే, ఆగలే," జనం అందుకున్నారు.

"రాష్ట్రమొచ్చినంకనే సొరకాయ బేరమన్నది అవ్వ... సిద్దిపేట రోడ్డు నడుమ కోడిపిల్ల పండుకున్నది..."

ట్రాక్టర్ల మీద ఈలలు. కాగితం లేదు, భయమూ లేదు. ఒక చరణం చెయ్యి పట్టుకుని ఇంకోటి వచ్చేస్తోంది. ఇంత హాయిగా ఆమె ఎన్నడూ పాడలేదు.

"టెంటుకొచ్చిన, గడ్డి తెచ్చిన, బొమ్మ కడుపుల కుక్కిన... గడ్డి చాలలే, పేపర్లు కుక్కిన, చేతులల్ల ఉన్నయన్ని కుక్కిన..."

గొంతు ఆగింది. వరస తలలో తిరుగుతుంటే తన చేతులు ఏం చేస్తాయో ఆమెకు తెలియదు. పాట అయిపోయిందనుకుని విమల పుల్ల గీసింది.

"అక్కా, ఆర్పు! పుస్తకం బొమ్మల ఉన్నది!"

విమల ఉఫ్‌మని ఊదేసింది. యాకయ్య ఒక్క దూకు దూకి బొమ్మ చొక్కా గుండీలు తెంపాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. గడ్డి వచ్చింది, పాత పేపర్లు వచ్చాయి, వాటి వెనక నీలి అట్ట.

కమ్లీ చెయ్యి చాచింది. అతను పుస్తకాన్ని వీపు వెనక దాచి, మైకును ఆమె ముందుకు జరిపాడు.

"ముందుగాల దొంగెవలో చెప్పు. ట్రాక్టరోళ్లకు సుత ఇనపడాలె."

"ఎవలు? ఎవలు?" జనం చప్పట్లతో అడిగారు.

కమ్లీకి నవ్వు ఆగలేదు. మైకును రెండు చేతులా పట్టుకుంది.

"యాకన్న కాదు! కురవి కాడి తండా, దేవ్‌సింగ్ బిడ్డ... కమ్లీ! నేనే!"