మరకలక్క నీలం సీసా

రండి, రండి. ఆ మూల నించున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి. చెప్పులు తర్వాత వెతుక్కోవచ్చు, ఎవరూ ఎత్తుకుపోరు, అంత మంచి చెప్పులేం కావు. పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకోండి. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. ఆ గుసగుసలు ఆపండమ్మా, ఇంటికెళ్ళాక కూడా మీ ఆయన అక్కడే ఉంటాడు. ఆపేశారా? సరే, వినండి.

ఆ పొద్దున మరకలక్క వేడినీళ్ళ తొట్టి ముందు నిలబడి తనంత పొడుగు కర్రతో దుప్పట్లు కలియదిప్పుతోంది. పెద్దాసుపత్రిలో అన్నిటికన్నా కింద, నేలలోకి దిగి ఉంటుంది ఆ ఉతుకుడు గది. కిటికీల్లోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ మొహాలు కనబడవు, కాళ్ళే కనబడతాయి. గోడలకి ఎప్పుడూ చెమటే. పైన వార్డుల్లో కారిన నెత్తురూ చీమూ వాంతీ అంతా మూటలు కట్టుకుని పొద్దున్నే ఆ గదికి దిగుతుంది. ఉతికి ఆరేసినవి మడతలు పెట్టుకుని బుద్ధిగా మళ్ళీ పైకెక్కుతాయి.

మరకలక్కకి అసలు పేరేంటో ఆవిడకే గుర్తులేదంటారు. మరక చూసి జాతకం చెప్పేది. ఇది టానిక్కు, ఇది పుండు రసి, ఇదిగో ఇది మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుని ఒలకబోసుకున్న టీ అనేది. ఆవిడ ఉతికిన దుప్పటి దండెం మీద వేస్తే సూర్యుడే మబ్బు చాటుకెళ్ళి కళ్ళు నులుముకునేవాడు. ఓసారి ఒక డాక్టరు కోటు ఎంత తెల్లగా ఉతికిందంటే, అది తొడుక్కుని ఆయన వార్డులోకెళ్తే కోటూ కనబడలేదు, డాక్టరూ కనబడలేదు. గోడే నడుచుకుంటూ వచ్చి నాడి పట్టుకుందని రోగులంతా మంచాల కింద దూరారు. నమ్మకపోతే పోండి. మంచం కింద దూరినవాడే చెప్పాడు.

మనిషి పుల్లలా ఉంటుంది. చేతులు మాత్రం మోచేతుల దాకా ఎర్రగా ఉబ్బిపోయి, ఇంకెవరో లావుపాటావిడ దగ్గర అరువు తెచ్చుకున్నట్టుంటాయి. ఎడమ చెవి కింద వేడినీళ్ళు చింది కాలిన మచ్చ ఒకటుంది. ఆవిడ చేతిలో పోని మరక అదొక్కటే.

ఆ గదికో పద్ధతి ఉంది. రోజంతా లోకుల రోగాలు పిండుతారు గదా, ఆ రోగం ఇంటికి మోసుకుపోకూడదని వెనకటి ఉతుకుడు ఆడవాళ్ళు పెట్టింది. పని దిగాక వెనక స్నానాల గదిలోకెళ్ళి, దుప్పట్లకి వేసే ఘాటు లోషనే నీళ్ళలో కలుపుకుని, పైపైన కాదు, లోపలిదాకా కడుక్కుని మరీ గడప దాటాలి. తలలు వంచుకోకండి, మనమంతా ఆ దారినే వచ్చినవాళ్ళం. ఆ కలిపిన లోషను ఉండేది ఒక నీలం గాజు సీసాలో. చేతులు మారీ మారీ అది మరకలక్క చేతికొచ్చింది. కలిపే పాళ్ళు ఆవిడకే ఎరుక. ఎవరన్నా వచ్చి తెల్లబట్ట అవుతోందన్నా, వాసనొస్తోందన్నా, లోపల మురికి ఇంకా వదల్లేదని ఇంకాస్త చిక్కగా కలిపేది. దుప్పటికి పనికొచ్చింది మనిషికి పనికిరాదా అని ఆవిడ లెక్క.

ఆ సీసా మీద ఇస్త్రీ బాబాయికి ఎప్పట్నుంచో కన్ను. గదిలో ఉన్న ఒకే ఒక్క మగాడు ఆయన. ఇంట్లో మొక్క పెంచుతాడు. పెంచుతాడనేకంటే పాతిపెడతాడనాలి, ఎన్నిసార్లు పెట్టినా ఒక్కటీ నిలవదు. నీలం సీసాలో పెడితే మొక్క తన చుట్టూ ఆకాశమే ఉందనుకుని సంబరంగా ఎదుగుతుందని ఆయన సిద్ధాంతం. సీసా ఇమ్మని అడిగినప్పుడల్లా మరకలక్క ఒకే మాట అనేది, "నీ మొక్క నీ మొహం చూసి చస్తోంది బాబాయ్."

ఇంకో సంగతి. ఆ గదిలో ఆడవాళ్ళకి నెలలు సరిగ్గా నిండేవి కావు. అందరికీ అని కాదు, కానీ చాలామందికి. ముందే నొప్పులొచ్చేసేవి, పిల్లలు గుప్పెడంత పుట్టేవాళ్ళు. కొందరు బతికేవాళ్ళు, కొందరు లేదు. బరువులెత్తడం వల్లనేవాళ్ళు, ఆవిరి వల్లనేవాళ్ళు. మన పిల్లలకి తొందరెక్కువే, అమ్మ పని ఎగ్గొడుతుందేమో చూద్దామని ముందే దిగిపోతారు అని నవ్వుకునేవాళ్ళు. నవ్వకపోతే ఏడవాలి, ఏడిస్తే పని సాగదు. మరకలక్కకీ అంతే. కడుపు పండినప్పుడల్లా మధ్యలోనే జారిపోయింది. చివరికి మొగుడు ఇంకో గడప తొక్కాడు. ఆవిడ మర్నాడు పొద్దున్నే వచ్చి తొట్టిలో కర్ర దించింది, అంతే.

ఇప్పుడు ఆవిడ తమ్ముడి పెళ్ళాం కడుపుతో ఉంది. అదే గదిలో మడతల బల్ల దగ్గర పని. గుండ్రటి మొహం, నవ్వితే బుగ్గలు కళ్ళని మింగేస్తాయి. మరదలే గానీ మరకలక్కకి కూతురి కింద లెక్క. తమ్ముడు లారీ తోలుకుంటూ దూరం పోతూ పోతూ, "అక్కా, దీన్ని నీ చేతిలో పెట్టి పోతున్నా" అన్నాడు. ఆ మాట ఆవిడ కొంగున ముడేసుకుంది. మరదలికి బరువు మూట తగలనిచ్చేది కాదు. కొన్నాళ్ళ నుంచీ తెల్లబట్ట ఎక్కువగా ఉందని, చేపల వాసనేస్తోందని ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతూ చెప్పుకుంటే, ఇంటిపిల్ల కదా అని అందరికంటే చిక్కగా కలిపిచ్చింది.

ఆ పొద్దున మరదలు బల్ల అంచు పట్టుకుని ఆగి ఆగి మడతలు పెడుతోంది. మరకలక్క చూసింది. చూసి, కర్ర తొట్టిలోనే వదిలేసి వచ్చి, దుప్పట్ల మూట మీద కూచోబెట్టింది.

"పొట్ట రాయిలా బిగుసుకుంటోంది వదినా. మళ్ళీ దానంతటదే వదిలేస్తోంది."

"నిన్న కడుక్కునే వెళ్ళావా?"

"కడుక్కున్నా. మంట పుట్టింది."

"మంట పుట్టిందంటే పని చేస్తున్నట్టే."

అనైతే అంది గానీ, చెయ్యి ఆ పిల్ల పొట్ట మీదే ఉండిపోయింది. రాయిలా బిగుసుకోవడం ఆవిడకి కొత్త కాదు. తన పొట్ట కూడా ఇలాగే బిగిసి వదిలి బిగిసి వదిలి, ఆఖరికి ఖాళీ అయిపోయేది. మళ్ళీ తొట్టి దగ్గరికెళ్ళింది. కర్ర తిప్పుతోంది గానీ కళ్ళు మరదలి మీదే. తిప్పాల్సిన దానికంటే ఎక్కువ తిప్పేసి ఒక తువ్వాలు పీలికలు చేసింది. ఆవిడ చేతిలో బట్ట చిరగడం ఆ గది చూడ్డం అదే మొదలు.

మధ్యాహ్నం ఉతికిన బట్టల బండి పురిటి వార్డుకి తోసుకెళ్ళింది. మామూలుగా అల్మరాలో సర్దేసి వచ్చేస్తుంది, ఆ వార్డులో నిలబడ్డం ఆవిడకిష్టం ఉండదు. ఆ రోజు నిలబడింది. పెద్ద నర్సమ్మ వేడినీళ్ళలో కత్తెరలు వేస్తోంది. చాటుమాటు మాటలు రాని మనిషి మరకలక్క, అయినా చాటుగానే అడిగింది. మా గదిలో ఒకమ్మాయికి ఇలా ఉందట, అలా ఉందట, అని.

నర్సమ్మ మొదట సగం చెవితోనే వింది. అది మురికి కాదక్కా, జబ్బు అంది. ఆడదాని లోపల పాలకి తోడులాంటి మంచి క్రిములు కాపలా ఉంటాయని, అవి చచ్చిపోతే చెడ్డవి చేరి నీచువాసన వస్తుందని చెప్పింది. ఒక్కోసారి మొగుడి దగ్గర్నుంచి వచ్చే క్రిములు కూడా ఉంటాయి, పరీక్ష చేస్తే గానీ ఏదో తెలీదు, అప్పుడు ఇద్దరూ మందు వాడాలంది. చూపించుకోకుండా వదిలేస్తే అవి పైకి పాకి, కొందరికి ఉమ్మనీటి సంచి ముందే చిట్లిపోతుందని, నెలలు నిండకుండానే కాన్పయిపోతుందని చెప్పింది. మాత్రలిస్తే చాలామందికి జబ్బు తగ్గుతుంది, అందరి కడుపూ నిలబడుతుందని మాటివ్వలేం గానీ, అంది.

"మరి లోషనుతో లోపల కడుక్కుంటే?"

నర్సమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఏ లోషను?"

మరకలక్క చెప్పింది. ఎవరు కలుపుతారో మాత్రం చెప్పలేదు.

"కాపలావాళ్ళని కొట్టి తరిమేసి దొంగలకి తలుపు తీసినట్టక్కా అది. అసలు లోపల కడగనే కూడదు."

మరకలక్క బండి పిడి పట్టుకుంది. ఆ ఎర్రటి చేతులు తెల్లబడిపోయాయి.

"ఎప్పుడో పోయినవాళ్ళకి కూడా… అదేనా కారణం?"

నర్సమ్మ అప్పుడు ఆవిడ మొహంలోకి చూసింది. "అదే అని చెప్పలేనక్కా. కాదని కూడా చెప్పలేను. ముందు ఆ అమ్మాయిని తీసుకురా. పొట్ట బిగుస్తోందంటే ఇంక ఆగకూడదు."

బండి అక్కడే వదిలేసింది. మెట్లు దిగిందో, మెట్లే ఆవిడ కిందనుంచి పారిపోయాయో తెలీదు. కింద దుప్పట్ల మూట మీద గుంట ఉంది, మనిషి లేదు. ఒంట్లో బాలేదని, కడుక్కుని ఇంటికి పోతానని వెనక్కెళ్ళిందని ఇస్త్రీ బాబాయి చెప్పాడు.

స్నానాల గది తలుపు ఊరికే చేరవేసి ఉంది. మరదలు గోడకానుకుని నిలబడింది. సీసా చేతిలోనే ఉంది, బిరడా తియ్యలేదు. కాళ్ళ దగ్గర నీళ్ళు పారుతున్నాయి. ఏ మరక ఎక్కణ్ణించొచ్చిందో చూడగానే చెప్పే మనిషికి అవేం నీళ్ళో ఒకరు చెప్పక్కర్లేదు.

"నేనింకా పోసుకోలేదు వదినా" అంది ఆ పిల్ల, తప్పు చేసినట్టు.

ఇంకో బట్టల బండిలో పడుకోబెట్టి పైకి తోసుకెళ్ళారు. ఇస్త్రీ బాబాయి ముందు లాగాడు, మరకలక్క వెనక నెట్టింది. ఎప్పుడూ కిర్రుకిర్రుమనే దాని చక్రం ఆ రోజు నోరు మూసుకుంది.

ఆడపిల్ల. మరకలక్క అరచేతిలో పట్టేసేది. వేళ్ళకి గోళ్ళు కూడా ఉన్నాయి, అగ్గిపుల్ల తలకాయంత. డాక్టర్లు గొట్టాలు పెట్టారు, గాజుపెట్టెలో పెట్టారు, వాళ్ళు చెయ్యాల్సింది చేశారు. పాప ఏడవలేదు. సాయంత్రం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చింది, మంచం దిగి గోడెక్కేలోపు పాప ఊపిరి ఆగిపోయింది. ఎప్పుడాగిందో పక్కనున్నవాళ్ళకి కూడా సరిగ్గా తెలియలేదు. పాపని చుట్టిన గుడ్డ మరకలక్క ఉతికిందే. వెతికినా ఒక్క మరక లేదు.

మరదలు పైకప్పు వంక చూస్తూ, "బల్ల దగ్గర ఎక్కువసేపు నించున్నా కదా వదినా. అందుకేనా?" అని అడిగింది.

ఊ అంటే సరిపోయేది. ఊ అనకుండా తలొంచుకున్నా సరిపోయేది. గది మొత్తం అదే నమ్ముతోంది, తమ్ముడూ అదే నమ్ముతాడు. పైగా అదే కారణమని నర్సమ్మ కూడా ఒట్టేసి చెప్పలేదు. ఆ సందులో ఒక మనిషి బతుకంతా దాక్కోవచ్చు.

మరకలక్క మంచం అంచు మీద కూచుంది. "నువ్వేం చెయ్యలేదే. అది జబ్బు. పైకి తీసుకొచ్చి చూపిస్తే మాత్రలిచ్చేవాళ్ళు. నేను మురికనుకుని సీసా ఇచ్చాను. వాసనంటే చిక్కగా ఇచ్చాను, మంటంటే పని చేస్తోందన్నాను."

మరదలు గోడవైపు తిరిగింది. భుజం మీద చెయ్యి వెయ్యబోతే అంది, "నువ్వు కిందికెళ్ళు వదినా."

"వెళ్తాను. వాళ్ళకి కూడా చెప్పాలి."

కింద పని దిగే వేళ. తువ్వాళ్ళు భుజాన వేసుకుని ఆడవాళ్ళు స్నానాల గది ముందు వరసలో నిలబడ్డారు. ఏమైందో అప్పటికే తెలుసు వాళ్ళకి. మరకలక్క వాళ్ళని దాటుకుని లోపలికెళ్ళి సీసా తెచ్చి, అందరూ చూస్తుండగా లోషనంతా తూములో వంచేసింది. అప్పుడు చెప్పింది. ఏదీ దాచలేదు, తన పిల్లల సంగతి కూడా. మా అమ్మ కూడా ఇలాగే చేసేది, ఆవిడకేం కాలేదే అని ఒకావిడ దెబ్బలాటకొచ్చింది. ఇంకొకావిడ ఏదో అనబోయి, ఏదో గుర్తొచ్చి, తువ్వాలు నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడింది. ఎవరెవరికి తెల్లబట్ట ఉందో, మంట ఉందో, రేపు పొద్దున అందరూ కలిసి పైకి రావాలని, సిగ్గేస్తే తన వెనక నించోమని మరకలక్క చెప్పింది. చెప్పి, కర్ర గోడకి ఆనించి, పైకెళ్ళిపోయింది. వార్డులోకి రానివ్వకపోయినా బయట బల్ల ఉంది గదా, దాని మీద కూచోడానికి.

ఖాళీ సీసా కిటికీలో మిగిలింది. బయట దారిన పోయే కాళ్ళు దాని వెనక నీలంగా కదులుతున్నాయి. ఒక్కరూ ఇంటికి కదల్లేదు.

బండి లాగి లాగి చొక్కా తడిసిపోయిన ఇస్త్రీ బాబాయి మొహం తుడుచుకుని, సీసా వంక చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఎవరికీ అక్కర్లేకపోతే నేను పట్టుకుపోనా? కడిగి పెడితే, ఈసారి మొక్క నిలబడుతుందేమో."