వీధి చివరికొచ్చిన దీవి

పొద్దున్నే లేచి, దీవి ఎక్కడుందో చూసుకుని పడవ తీయడం దాని మీదున్న యూనివర్సిటీ పరిశోధన కేంద్రంలో పనిచేసే అందరికీ అలవాటే. దీవి ఒకచోట నిలిచేది కాదు. "ఇవాళ అరగంట ఎక్కువ పడుతుంది" అని పడవవాడు విసుక్కునేవాడు, అంతే.

ఇరవై రెండేళ్లుగా అక్కడ పిట్టల గూళ్లు లెక్కపెట్టే ఆవిడని అందరూ లెక్కలక్క అనేవారు. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి కాబట్టి అడుగెత్తకుండా, కాళ్లు ఈడ్చుకుంటూ నడవాలి. లెక్కపెట్టిన గూడు పక్కన పుల్ల గుచ్చాలి. వచ్చిన ప్రతి పరిశోధకుడికీ ఆ నడక నేర్పింది ఆవిడే. వాళ్లు రాసిన పరిశోధన పత్రాల్లో ఆవిడ పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

ఆ ఏడు దక్షిణపు ఒడ్డున అతిథి గృహం కట్టాలని డైరెక్టరుగారికి బుద్ధి పుట్టింది. గూళ్లున్నాయంటే అనుమతి రాదు. గూళ్ల లెక్క రాసే ఫారం లెక్కలక్క ముందుకు తోసి, "సున్నా వేసి సంతకం పెట్టండి" అన్నాడు.

"సున్నా ఏంటండీ, కళ్లు పోతాయి! నాలుగు వందల పైనే ఉన్నాయి."

"నేనైతే చూడలేదు."

"మీరు ఆఫీసు గుమ్మం దిగితే కదా!"

ఆ సాయంత్రమే ఆవిడని సామానుతో సహా పడవెక్కించి ఒడ్డుకు పంపేశారు. లెక్కలక్కకి ఒళ్లు మండిపోయింది. చెల్లెలింట్లో కంచం ముట్టలేదు. "కాళ్లరిగేలా తిరిగి వాడికి పేరు తెచ్చిపెట్టానే!" అని గోడలదిరేలా అరిచింది.

"అరిస్తే గుడ్లు బతుకుతాయా అక్కా?" అంది చెల్లెలు. ఆ మాటకి లెక్కలక్కకి ఇంకా మండింది.

తెల్లారేసరికి దీవి వీధి చివర ఆగి ఉంది. దక్షిణపు ఒడ్డు సరిగ్గా రోడ్డుకి ఆనుకుంది.

"దారికడ్డంగా ఇదేంటండీ, బస్సెలా తిప్పను?" అని డ్రైవరు హారన్ కొట్టాడు.

ఇసుక మీద డైరెక్టరుగారు నిలబడి ఉన్నాడు. చేతిలో ఫారం, కాళ్లకి బూట్లు. "దీన్ని వెనక్కి పొమ్మనండి!" అని కేకేశాడు.

"నా మాట వింటుందా? వినేదైతే మిమ్మల్ని ఎప్పుడో నీళ్లలో దింపేసేది" అంది రోడ్డు మీంచి లెక్కలక్క.

చెప్పులు విడిచి వీధిని పిలిచింది. "రండి. కాళ్లెత్తకండి, ఈడ్చండి." డ్రైవరు, చెల్లెలు, ఇస్త్రీ చేసే ఆవిడ, ఒకరి వెనక ఒకరు దిగారు. అందరూ పైకే లెక్కపెడుతూ గూడు గూడుకీ చీపురు పుల్ల గుచ్చుతూ పోయారు. నెత్తిమీద పిట్టల గోల. మధ్యాహ్నానికి నాలుగు వందల పదకొండు గూళ్లు తేలాయి.

"దారిన పోయేవాళ్ల లెక్క చెల్లదు!" అంటూ డైరెక్టరుగారు విసురుగా ముందుకొచ్చాడు. కాలికింద పటుక్కుమంది.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆయన బూటెత్తి చూశాడు. సొన కారుతోంది.

లెక్కలక్క పెన్సిలు ఆయన చేతిలో పెట్టింది. "నాలుగు వందల పది అని రాయండి. పక్కన, డైరెక్టరు తొక్కిన గూడు ఒకటి అని రాయండి. కింద, లెక్కపెట్టినవారు అన్నచోట నా పూర్తి పేరు రాయండి."

ఆయన తలెత్తి చూశాడు. వీధంతా అక్కడే నిలబడి ఉంది. వంగి రాశాడు.

ఆవిడ ఫారం లాక్కుని రెండుసార్లు చదివి సంచిలో పెట్టుకుంది. చితికిన గుడ్ల చుట్టూ ఒక పిట్ట తిరుగుతోంది. దాన్ని చూసి లెక్కలక్క ఆయన్ని మళ్లీ మొదట్నించీ తిట్టడం మొదలుపెట్టింది.