మూడు దెబ్బలకే పడిన భటుడు

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయాలి. కంట్రోలర్ మీది కోట బొమ్మ కెమెరాకు బాగా కనబడాలి. శుక్రవారం పొద్దున పదింటిదాకా సమీక్ష బయటపెట్టకూడదు. మూడో కోట దాటాక వచ్చే రాణిని ఎవరికీ చూపకూడదు. నూనె దుకాణం గురించి రాస్తే ‘ఇష్టమున్నవాళ్లకే’ అన్న మాట ఉండాలి. ఆట మొత్తం ఈ కంట్రోలర్‌తోనే ఆడాలి.

చివరి పని కింద గీత గీసి ఉంది.

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. ఈ పనుల కాగితం నా పెట్టెలో, నా వీపు కింద మడతపెట్టి వచ్చింది. నాకంటే ముందు దాన్నే చదివారు గనుక నేనూ దానితోనే మొదలుపెట్టాను. ఆటలాడేవారికి నేనేమిటో చెప్పక్కర్లేదు. ఆడనివారి కోసం చెబుతాను: తెరమీది మనిషి పరుగెత్తాలన్నా, కత్తి తిప్పాలన్నా రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్లతో నొక్కే వస్తువును. హన్మకొండలో నన్ను రిమోట్ అంటారు. మొదట్లో చిన్నతనంగా అనిపించింది, తర్వాత అలవాటైంది.

పుట్టింది చెన్నై అవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడ ఒకామె నా బటన్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, ఎక్కడా అంటుకోవడం లేదని తేల్చుకుని, పచ్చ చీటీ అతికించింది. నన్ను ఏ ఉద్దేశమూ లేకుండా పట్టుకున్న చేతులు అవే. అక్కణ్ణుంచి హైదరాబాద్‌లోని త్రిశంకు గేమ్స్ అనే కంపెనీకి చేరాను. వాళ్లు నా ముఖాన కోట బొమ్మ ముద్రించారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఒకతను నన్ను కంప్యూటర్‌కు తగిలించి లోపల ఏదో సంఖ్య రాశాడు. నాతో వచ్చిన మరో నలభైకి కూడా రాశాడు.

“ఇవి సమీక్షలు రాసేవాళ్లకేనా?” అని పక్కసీటతను అడిగాడు.

“ఆ, వాళ్లకే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. బాగున్న వస్తువులో మళ్లీ ఎందుకు వేలు పెట్టారో, అందులో నవ్వడానికేముందో నాకు తెలియలేదు. ఆనాటి నుంచి ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని చూడడం నాకు అలవాటైంది.

అలా హన్మకొండలో ఆడెపు హేమలత చేతికి వచ్చాను. ఆమె పగలు ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేస్తుంది. సెలవు రోజుల్లో ఆటలాడి తెలుగులో సమీక్షలు రాస్తుంది, వాటినే వీడియోల్లో చదువుతుంది. పదకొండు వేలమంది ఆమె మాట వింటారు. ఆమెకు ఒక నియమం ఉంది. ప్రతి సమీక్ష మొదటి వాక్యంలోనే ఆట కొనుక్కున్నదా, కంపెనీ పంపిందా అన్నది చెప్పేస్తుంది.

నేను ఆమెనూ నమ్మలేదు. పెట్టె తెరవగానే ముఖం వెలిగిపోయింది. కాగితం చదివింది, చివరి వాక్యం దగ్గర ఒక క్షణం ఆగింది. “బొమ్మ కనబడాలని కావచ్చు” అని తనకు తానే చెప్పుకుంది. నాకు వచ్చినంత అనుమానం ఆమెకు రాకపోవడం చూసి, ఈమె కూడా వాళ్ల మనిషే అనుకున్నాను.

ఆట పేరు ‘కోట పహరా’, రెండో భాగం. మొదటి భాగం గురించి తెలియనిదే మిగతా గొడవ అర్థం కాదు. చీకటి కోటలో దీపం పట్టుకుని వెళ్లాలి. దారి చూపే బాణాలు లేవు, పటం లేదు. భటుడు కొడితే మళ్లీ మొదటి మెట్టు నుంచి. ఎన్నిసార్లు చచ్చినా అది నీ తప్పే అనిపించేలా తయారుచేశారట. ఆ ఆటను ఇష్టపడినవాళ్లు దాని కష్టాన్ని సొంత ఆస్తిలా చూసుకుంటారు. రెండో భాగంలో కంపెనీవాళ్లు ఒక దుకాణం పెట్టారు. దీపంలో నూనె తగ్గుతుంది. నూనె నిండుగా ఉంటే కత్తికి బలం ఎక్కువ. కావాలంటే అసలు డబ్బు పెట్టి నూనె కొనుక్కోవచ్చు. విడుదల కాకముందే జనం రెండు వర్గాలై తిట్టుకున్నారు. హేమలత ఏం రాస్తుందా అని ఇరుపక్షాలవాళ్లూ ఎదురుచూశారు.

ఈసారి ఆమె పని అయ్యాక రాత్రిళ్లు కూడా కూర్చుని తొమ్మిది రోజులు నాతో ఆడింది. శుక్రవారం పదింటికి సమీక్ష పెట్టింది. మొదటి వాక్యం: ‘ఆట, కంట్రోలర్ రెండూ కంపెనీవాళ్లు పంపారు.’ మధ్యలో ఇంకో వాక్యం: ‘దుకాణం ఉంది గానీ, ఆట పూర్తయ్యేదాకా నాకు ఒక్క చుక్క నూనె కొనాల్సిన అవసరం రాలేదు.’

శనివారానికల్లా నిప్పంటుకుంది. కొన్నవాళ్లకు మొదటి కోట దాటేలోపే నూనె అయిపోతోంది. వాళ్లు ఆమె వీడియో ఆపి, నా ముఖాన కోట బొమ్మను పెద్దది చేసి తిప్పారు. నిజాయితీగా రాసుకున్న మొదటి వాక్యానికే ఎర్రగీత చుట్టి, ‘దొరికింది’ అన్నారు. రాసి ఉండకపోతే దాచిందనేవారు. రాసింది కాబట్టి ఒప్పుకుందన్నారు. మనుషుల దగ్గర ఈ తర్కానికి పేరేమిటో నాకు తెలియదు.

అవన్నీ హేమలత చదివింది, తట్టుకుంది. తట్టుకోలేనిది ఒక్కటే, ఖాజా భాయ్ పంపిన వాయిస్ మెసేజ్. “చెల్లె, నీ మాట మీద నాలుగు డిస్కులు కొన్న. ఒక్కసారి దుకాణానికి రా.” అంతే. తిట్టలేదు. ఆమె దాన్ని నాలుగుసార్లు విని, నన్ను సంచీలో వేసుకుంది.

ఖాజా భాయ్‌కి బస్టాండు దగ్గర గేమ్ పార్లర్ ఉంది. హేమలత డిగ్రీ చదివే రోజుల్లో ఆటలు నేర్చుకున్నది అక్కడే. ఆమె రాసిన మొదటి సమీక్షను ప్రింటు తీసి తలుపుకు అంటించినవాడు ఆయన. కౌంటరు వెనక గోడ నిండా మార్కరుతో రాసిన అంకెలు ఉంటాయి. ఏ ఆటలో ఏ శత్రువు ఎన్ని దెబ్బలకు పడతాడో ఆ గోడ చెబుతుంది. ముగ్గురు విడివిడిగా ఆడి, ముగ్గురి లెక్కా ఒకటే అయితేనే అంకె గోడెక్కుతుంది. ఇద్దరు చెబితే ఎక్కదు. పదిహేనేళ్లుగా అదే పద్ధతి.

ఆదివారం పొద్దున మేం వెళ్లేసరికి అక్కడ ఖాజా భాయ్, బస్ డిపోలో పనిచేసే లింగమూర్తి మాత్రమే ఉన్నారు. లింగమూర్తి మేం కూర్చునేదాకా కూడా ఆగలేదు.

“వచ్చింది నూనె మేడం! భాయ్, కుర్చీ వెయ్యి. మనకైతే దీపం ఆరిపోయింది, ఆమెకు ఇంకా వెలుగుతనే ఉన్నది.”

“నువ్వు జర ఆగు లింగం” అన్నాడు ఖాజా భాయ్. ఆమె కూర్చున్నాక నెమ్మదిగా అడిగాడు. “ఒక్క ముక్క చెప్పు చెల్లె. తీస్కున్నవా?”

“లేదు భాయ్.”

“మరి గట్లెట్ల రాసినవ్? పాత పహరాల పడితే నా తప్పు. తప్పు దిద్దుకుంటే దాటుతుంటి. గిండ్ల పడంగనే దుకాణం తలుపు తెరుచుకుంటది. నేర్చుకునేదేం లేదు, కొనుడే.”

“నీకు పొద్దుగూకులు గిదే పని భాయ్” అన్నాడు లింగమూర్తి. “నాకు డ్యూటీ అయినంక గంట దొరుకుతది. ఆ గంట గూడ గోడకు తల కొట్టుకోవాల్నా? నూనె అమ్మితే అమ్మనియ్. కానీ మేడం, అక్కర్లేదని రాసుడు మాత్రం అబద్ధం.”

“అబద్ధం కాదన్నా. నిజంగనే నాకు అక్కర పడలే.”

లింగమూర్తి పకపకా నవ్వాడు. నవ్వు గురించి నా అలవాటు ముందే చెప్పాను. ఈ నవ్వులో నాకేమీ దొరకలేదు, అది ఉత్త నవ్వే. హేమలత ముఖం ఎర్రబడింది. సంచీలోంచి నన్ను తీసింది.

“నీ మిషన్, నీ డిస్కు. మీ ముందే ఆడతా. చూసినంక మాట్లాడుండ్రి.”

మొదటి కోట గుమ్మంలో బల్లెం భటుడు ఉంటాడు. ఆమె కత్తి తిప్పింది. ఒకటి, రెండు, మూడు. భటుడు కూలిపోయాడు. ఆమె గెలిచినట్టు వెనక్కి తిరిగి చూసింది. వాళ్లిద్దరూ తెరను కాదు, గోడను చూస్తున్నారు. గోడమీద నిన్ననే ఎక్కిన అంకె, ‘బల్లెం భటుడు – 7’ అని ఉంది.

“మళ్ల కొట్టు” అన్నాడు ఖాజా భాయ్.

మళ్లీ మూడే.

“నీకు వేరే ఆట ఇచ్చిన్రు చెల్లె.”

“ఇది నీ డిస్కే గదా భాయ్.”

ఖాజా భాయ్ కళ్లు మెల్లగా తెర మీద నుంచి ఆమె చేతుల మీదికి దిగాయి. “ఆ రిమోట్ ఇటియ్యి.”

అప్పటిదాకా లోకమంతా ఆమెను అనుమానించింది. నన్ను సాక్ష్యంగా చూసినవాళ్లే తప్ప, ముద్దాయిగా చూసినవాడు ఆయనొక్కడే. పద్ధతి ప్రకారం ముగ్గురూ విడివిడిగా ఆడారు. నాతో మూడు, మూడు, మూడు. ఖాజా భాయ్ దగ్గరున్న, రబ్బరు ఊడిపోయిన పాత రిమోట్‌తో ఏడు, ఏడు, ఏడు. నాలో రాసిన సంఖ్య కనబడగానే ఆట మెత్తబడుతోంది, భటులు త్వరగా పడి నూనె మిగులుతోంది. హైదరాబాద్‌లో వాళ్లిద్దరూ ఎందుకు నవ్వారో నాకప్పుడు తెలిసింది. మనుషుల నిజాయితీ మీద అన్నాళ్లూ లెక్చర్లిచ్చుకున్న నేను, అబద్ధం చెప్పడానికే తయారయ్యాను.

హేమలత కంపెనీకి మెయిల్ రాసింది. సోమవారం చైతన్య అనే ఆయన ఫోన్ చేశాడు. కంపెనీ గురించి నలుగురూ మంచిగా రాసేలా చూడడం ఆయన ఉద్యోగం.

“మేడం, సమీక్ష రాసేవాళ్లకు టైం తక్కువ ఉంటుందని కొంచెం ఈజీగా పెట్టాం, అంతే. అందరూ చేసేదే. మీరు దీన్ని పెద్దది చేయకండి. మూడో భాగంలో తెలుగు మాటలన్నీ మీతోనే రాయిద్దామని మావాళ్లు అనుకుంటున్నారు. చివర మీ పేరు పడుతుంది.”

ఆమె బల్ల మీదున్న నన్ను వేలితో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. రక్తపరీక్షల రిపోర్టుల కింద ఆమె పేరు ఎప్పుడూ పడదు. ఆటలో పేరు పడాలన్నది ఆమె కోరిక అని ఆ తొమ్మిది రోజుల్లో నాకు తెలిసిపోయింది. ఆట అయిపోయి పేర్లు పైకి జరుగుతుంటే, ఆమె అన్నీ చదివేది. ఇక ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

“ఆలోచించి చెప్తానండి” అని పెట్టేసి, పార్లర్‌కు వెళ్లింది.

ఖాజా భాయ్ అంతా విని, సంబరపడిపోయాడు. “ఇంకేంది! నువ్వు మోసపోయినవని రాయి. పాపం అంటరు. నిన్ను తిట్టినోళ్లే వాళ్ల మీద పడతరు.”

“నూనె అక్కర్లేదని రాసింది నేను భాయ్. వాళ్లు గాదు.”

“వాళ్లు నిన్ను మోసం చేసిన్రు గదా!”

“గీ రిమోట్‌తోనే ఆడాలని కాగితం మీద గీత గీసి మరీ రాసిన్రు. నేను చదివిన. ఎందుకని అడగలే. అడగాల్సిన పని నాది. నా మాట విని నువ్వు నాలుగు కొన్నవ్. నిన్ను మోసం చేసింది ఎవరు మరి?”

ఖాజా భాయ్ బుగ్గ గోక్కున్నాడు. “అమ్మా, గట్ల రాస్తే నిన్ను బతకనియ్యరు.”

“రాయకపోతే నీ దుకాణం మెట్లెక్కలేను భాయ్.”

ఆ కౌంటరు మీదే కూర్చుని రాసింది. మొదటి వాక్యం ‘నేను తప్పు రాశాను.’ ఏ వాక్యం తప్పో రాసింది, ఎందుకు తప్పో రాసింది, తను అడగాల్సింది అడగలేదని రాసింది. కంపెనీ చేసిన పని నాలుగో పేరాలో గానీ రాలేదు. దెబ్బలు లెక్కపెట్టింది ఎవరో పేర్లతో సహా చెప్పి, మూడూ ఏడూ చూపించే వీడియో జతచేసింది. పాత సమీక్షను తీసేయలేదు. దాని నెత్తిన ‘ఇది నమ్మకండి’ అని పెట్టి అలాగే ఉంచింది. చైతన్యకు ఒక్క ముక్కలో జవాబు పంపింది, రాయలేనండి అని.

మంచి పేరు వచ్చిందని మీరు అనుకుంటున్నారేమో. రాలేదు. ‘చూశారా, తనే ఒప్పుకుంది’ అని పాత ఆట వర్గంవాళ్లు మొదటి వాక్యం దాకా చదివి ఆగిపోయారు. కొత్త ఆట నచ్చినవాళ్లు, ఆటను చెడగొడుతోందని తిట్టారు. పదకొండు వేలమంది నెలలో నాలుగు వేలయ్యారు. పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఆ వీడియో తీసుకుని కంపెనీని కడిగేశాయి. వాటిలో ఆమె ‘ఒక స్థానిక సమీక్షకురాలు’. కంపెనీ ‘సాంకేతిక లోపం’ అని ఒక ప్రకటన ఇచ్చి, భటుణ్ణి ఐదు దెబ్బలకు దించింది. దుకాణం ఎత్తేయలేదు. అందులో నూనె ఇప్పటికీ దొరుకుతుంది.

నన్ను ఆమె కొరియర్‌లో కంపెనీకి తిరిగి పంపింది. తీసుకోలేదు. ‘నిరాకరించారు’ అన్న చీటీతో వచ్చాను. పుట్టినప్పుడు పచ్చ చీటీ, ఇప్పుడిది. ఖాజా భాయ్ నన్ను పార్లర్‌లో పాడైపోయిన రిమోట్ల డబ్బాలో పడేశాడు. నాలో ఏ లోపమూ లేదు, అన్ని బటన్లూ పనిచేస్తాయి. అయినా ఎవరికీ ఇవ్వడు.

డబ్బాలోంచి అన్నీ వినబడతాయి. ఈ కథను లింగమూర్తి చెప్పేటప్పుడు రిమోట్‌ను అనుమానించింది తనే అంటాడు. వెబ్‌సైట్ల వాళ్లు చెప్పేటప్పుడు తామే బయటపెట్టామంటారు. ఎవరు చెప్పినా ఒక మనిషి జారిపోతోంది. అందుకే అబద్ధం చెప్పడానికి తయారైన నేను ఈ ఒక్కటీ నిజం చెబుతున్నాను.

ఇప్పుడు హేమలతకు ఏ కంపెనీ ఏదీ పంపడం లేదు. జీతం వచ్చాక తనే కొనుక్కుని, సెలవు రోజుల్లో ఆడుతుంది. అందుకని ఆమె సమీక్ష అందరికంటే పదిహేను రోజులు ఆలస్యంగా వస్తుంది. అప్పటికి గొడవలన్నీ అయిపోయి జనం ఇంకో ఆట మీద పడి ఉంటారు. ఏదైనా ఆట కొందామా వద్దా అని మీకు ఎప్పుడైనా సందేహం వస్తే, ఆ పదిహేను రోజులు ఓపిక పట్టండి. ఆమె పేరు ఆడెపు హేమలత. దయచేసి గుర్తుంచుకోండి.